పాత డెస్క్‌టాప్‌ను తక్కువ ఖర్చుతో గేమింగ్‌కు తయారుచేయడం: ఏది ముందు, ఏది తర్వాత

"పాత డెస్క్‌టాప్ ఉంది, ఏ గ్రాఫిక్స్ కార్డు కొనమంటారు?" అని చాలామంది అడుగుతుంటారు. కార్డు పేరు చెప్పడం తేలికే. కానీ అది మీ కేబినెట్‌లో పడుతుందా, మీ పవర్ సప్లై దాన్ని మోస్తుందా, మీ ప్రాసెసర్ దానికి సరిపడా పని అందించగలదా అన్నది తేలకుండా పేరు చెప్తే, పోయేది మీ డబ్బే. అందుకే ఇక్కడ కార్డు సంగతి సగం దాటాక గానీ రాదు, తొందరపడి కిందికి దూకకండి.

ఖర్చు పెట్టే ముందు ఒక లెక్క మనసులో పెట్టుకోండి. కొన్ని భాగాలు రేపు కొత్త మెషీన్ కట్టుకున్నా మీ వెంట వస్తాయి: ఎస్‌ఎస్‌డీ (హార్డ్ డిస్కు బదులు వాడే వేగవంతమైన డిస్కు), మంచి పవర్ సప్లై, గ్రాఫిక్స్ కార్డు. కొన్ని పాతదాంతోనే పోతాయి: డీడీఆర్3 ర్యామ్ (పాత తరం ర్యామ్), పాత సాకెట్ (బోర్డు మీద ప్రాసెసర్ కూర్చునే గూడు) ప్రాసెసర్. మొదటి రకం కొత్తవి కొనండి, కాస్త ఎక్కువైనా పర్లేదు. రెండో రకం సెకండ్ హ్యాండ్‌లో చవగ్గా దొరికితేనే ముట్టుకోండి.

## 1. ముందు ఏముందో రాసుకోండి

సీపీయూ-జెడ్ అనే ఉచిత ప్రోగ్రాం వేసుకుంటే ప్రాసెసర్, మదర్‌బోర్డు మోడల్, ర్యామ్ రకం, ఏ స్లాట్‌లో ఎంత ఉంది అన్నీ చూపిస్తుంది. పవర్ సప్లై వివరాలు మాత్రం ఏ సాఫ్ట్‌వేరూ చెప్పదు, పక్క తలుపు విప్పి స్టిక్కర్ ఫోటో తీసుకోవాల్సిందే.

రాసుకోవాల్సినవి:

- ప్రాసెసర్ పూర్తి పేరు, సాకెట్
- మదర్‌బోర్డు మోడల్, బయోస్ (మెషీన్ ఆన్ అవగానే ముందు నడిచే బోర్డు ప్రోగ్రాం) వెర్షన్
- ర్యామ్: డీడీఆర్3నా, డీడీఆర్4నా, ఎన్ని స్లాట్లు ఖాళీ
- పవర్ సప్లై: 12 వోల్టుల లైనులో ఎన్ని ఆంపియర్లు, కార్డుకు వెళ్లే 6 పిన్ లేదా 8 పిన్ కేబుళ్లు ఉన్నాయా
- వెనక స్లాట్ ప్లేటు నుంచి ముందు ఫ్యాన్ దాకా ఎన్ని సెంటీమీటర్ల ఖాళీ
- మానిటర్ రిజల్యూషన్, రిఫ్రెష్ రేటు, ఏ పోర్టులు ఉన్నాయి

మీది డెల్ ఆప్టిప్లెక్స్, హెచ్‌పీ ఎలైట్‌డెస్క్, లెనోవో థింక్‌సెంటర్ లాంటి ఆఫీసు మెషీన్ అయితే ఇంకొంచెం జాగ్రత్త. వీటిలో చాలా మోడళ్లకు మామూలు 24 పిన్ పవర్ కనెక్టర్ ఉండదు, కంపెనీ సొంత కనెక్టర్ ఉంటుంది. పవర్ సప్లై సైజు కూడా వేరేగా ఉండొచ్చు. సన్నటి కేబినెట్ అయితే సగం ఎత్తు కార్డులే పడతాయి, వాటినే లో ప్రొఫైల్ అంటారు.

## 2. ఏది వెనక్కి లాగుతోందో కొలవండి

ఎంఎస్‌ఐ ఆఫ్టర్‌బర్నర్ వేసుకోండి, దాంతోపాటు వచ్చే రివాట్యూనర్‌తో గేమ్ ఆడుతుండగానే అంకెలు స్క్రీన్ మూలన కనిపిస్తాయి. గ్రాఫిక్స్ కార్డు వాడకం, ఒక్కో కోర్ (ప్రాసెసర్‌లో పని చేసే విభాగం) వాడకం, ర్యామ్, ఉష్ణోగ్రతలు, ఫ్రేములు (సెకనుకు స్క్రీన్ మీద పడే బొమ్మలు) చూపించమని పెట్టి, మీరు ఎక్కువగా ఆడే గేమ్‌ను ఒక ఇరవై నిమిషాలు నడపండి.

- కార్డు వాడకం 95 శాతం పైనే నిలబడితే కార్డే చాలట్లేదు.
- కార్డు 50, 60 దగ్గర ఊగుతూ, ఒకటి రెండు కోర్లు 100కి తగులుతుంటే ప్రాసెసర్ చాలట్లేదు.
- ర్యామ్ నిండిపోయి, డిస్కు 100 శాతం చూపిస్తూ గేమ్ ఆగి ఆగి నడిస్తే ర్యామ్ చాలట్లేదు.
- ప్రాసెసర్ 90 డిగ్రీలు దాటి, దాని గిగాహెర్ట్జ్ అంకె పడిపోతుంటే అది వేడి సమస్య, కొనాల్సిందేమీ లేకపోవచ్చు.

ఇక్కడ చాలామంది బోల్తా పడేది మొత్తం ప్రాసెసర్ వాడకం చూసి. 8 థ్రెడ్ల (ఒకేసారి 8 పనులు నడిపే) ప్రాసెసర్‌లో మొత్తం 40 శాతమే కనిపించినా, గేమ్ ప్రధాన పని మోసే ఒక్క కోర్ పూర్తిగా నిండిపోయి ఉండొచ్చు, అందుకే కోర్లు విడివిడిగా చూడమన్నది. అనుమానం తీరకపోతే గేమ్‌లో రిజల్యూషన్ బాగా తగ్గించండి. ఫ్రేములు పెరిగితే కార్డుది తప్పు, అక్కడే ఉంటే ప్రాసెసర్‌ది.

## 3. పైసా ఖర్చు లేని పనులు ముందు

ఏళ్ల తరబడి విప్పని మెషీన్ అయితే దుమ్ము దులపడంతోనే తేడా తెలుస్తుంది. ప్లగ్ తీసేయండి, పవర్ బటన్ కొన్ని సెకన్లు నొక్కి మిగిలిన కరెంటు వదిలించండి, మెత్తటి బ్రష్‌తో, గాలితో శుభ్రం చేయండి. గాలి కొట్టేటప్పుడు ఫ్యాన్ రెక్కల్ని వేలితో ఆపి పట్టుకోండి, అతి వేగంగా తిరిగితే బేరింగ్ పాడవుతుంది.

తర్వాత థర్మల్ పేస్ట్, అంటే ప్రాసెసర్ వేడిని కూలర్‌కు అందించే జిగురులాంటి పదార్థం. పాతది ఎండి పొడిపొడిగా రాలుతుంటే 90 శాతం పైబడిన ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి, మధ్యలో చిన్న బఠానీ గింజంత కొత్త పేస్ట్ పెట్టండి. పూత పూయక్కర్లేదు, కూలర్ నొక్కితే అదే పరుచుకుంటుంది.

ఏఎం4 సాకెట్ రైజెన్ (ఏఎండీ ప్రాసెసర్) వాళ్లు ఒక్క నిమిషం ఆగండి. పేస్ట్ గట్టిపడి ఉంటే, కూలర్ నిట్టనిలువుగా లాగినప్పుడు ప్రాసెసర్ కూడా సాకెట్ నుంచి ఊడి దాంతోపాటే వచ్చేస్తుంది, పిన్నులు వంగుతాయి. ముందు ఒక పది నిమిషాలు మెషీన్ నడిపి వేడెక్కనివ్వండి, ఆపేశాక కూలర్‌ను అటూ ఇటూ మెల్లగా తిప్పుతూ వదులు చేసి అప్పుడు ఎత్తండి.

ఇవి కూడా చూసేయండి:

- ర్యామ్ రాసిన వేగంతో నడుస్తోందా? లేకపోతే, బోర్డు ఒప్పుకుంటే బయోస్‌లో ఎక్స్‌ఎంపీ ఆన్ చేయండి
- 144 హెర్ట్జ్ మానిటర్ విండోస్‌లో 60 దగ్గరే ఉండిపోయిందా?
- స్టార్టప్‌లో అక్కర్లేని ప్రోగ్రాంలు ఆపారా?
- ప్లగ్ తీసిన ప్రతిసారీ గడియారం తప్పుతుంటే మదర్‌బోర్డు మీదుండే నాణెం లాంటి సీఆర్2032 బ్యాటరీ మార్చండి

ఇక్కడే సమస్య తీరిపోయినవాళ్లు ఉన్నారు. మళ్లీ కొలిచి చూశాకే ముందుకెళ్లండి.

## 4. హార్డ్ డిస్కు నుంచి ఎస్‌ఎస్‌డీకి

హార్డ్ డిస్కు సెకనుకు సుమారు 100 నుంచి 150 మెగాబైట్లు చదివితే, సాటా (హార్డ్ డిస్కుకు వాడే కేబుల్ కనెక్షనే) ఎస్‌ఎస్‌డీ 550 దాకా వెళ్తుంది. దీంతో ఫ్రేములు పెరగవు, ఆ ఆశ వద్దు. గేమ్ తెరుచుకోవడం, కొత్త ప్రాంతంలోకి వెళ్లినప్పుడు వచ్చే కుదుపులు, విండోస్ మొదలయ్యే టైమ్, ఇవి మారిపోతాయి.

బోర్డులో ఎం.2 స్లాట్ (సన్నటి ఎస్‌ఎస్‌డీ నేరుగా బోర్డులో గుచ్చే చోటు) ఉందని వెంటనే ఎన్‌వీఎంఈ (సాటా కంటే వేగమైన ఎస్‌ఎస్‌డీ రకం) కొనేయకండి. కొన్ని పాత బోర్డుల ఎం.2 స్లాట్ సాటా రకాన్నే ఒప్పుకుంటుంది, ఇంకొన్ని ఎన్‌వీఎంఈ నుంచి బూట్ అవ్వవు. మదర్‌బోర్డు మాన్యువల్‌లో చూడండి, తేలకపోతే 2.5 అంగుళాల సాటా ఎస్‌ఎస్‌డీ తీసుకోండి, అది దాదాపు అన్నిట్లోనూ పనిచేస్తుంది. ఇప్పటి పెద్ద గేములు ఒక్కొక్కటే 100 జీబీ దాటుతున్నాయి కాబట్టి 240 జీబీతో ఎక్కువ రోజులు గడవదు.

విండోస్ కొత్తగా వేసేటప్పుడు పాత డిస్కు కేబుల్ పీకేసి, ఎస్‌ఎస్‌డీ ఒక్కటే ఉంచండి. రెండూ ఉంటే బూట్ ఫైళ్లు పాత డిస్కు మీదే కూర్చునే అవకాశం ఉంది. ఎప్పుడో ఆ డిస్కు తీసేసిన రోజున మెషీన్ లేవదు, కారణం ఎవరికీ అర్థం కాదు.

## 5. ర్యామ్

16 జీబీ పెట్టుకోండి. 8తో నడిచే గేములు ఉన్నాయి గానీ, వెనక బ్రౌజర్ తెరిచి ఉంటే చాలు కుదుపులు మొదలవుతాయి.

ఒకే 16 జీబీ కర్ర (ర్యామ్ స్టిక్) కంటే రెండు 8 జీబీ కర్రలు మేలు, రెండు దారుల్లో డేటా వెళ్తుంది. నాలుగు స్లాట్ల బోర్డుల్లో సాధారణంగా ప్రాసెసర్ వైపు నుంచి రెండు, నాలుగు స్లాట్లలో పెట్టాలి, అయినా మాన్యువల్‌లో ఓసారి చూసుకోండి.

మార్కెట్లో నమ్మలేనంత చవగ్గా కనిపించే ర్యామ్ చాలావరకు సర్వర్‌ల నుంచి తీసిన రిజిస్టర్డ్ రకం, అది మామూలు డెస్క్‌టాప్ బోర్డుల్లో పనిచేయదు. ల్యాప్‌టాప్ ర్యామ్ పొట్టిగా ఉంటుంది, అదీ పట్టదు. వేరువేరు కంపెనీల కర్రలు కలిపితే నడవొచ్చు, నెమ్మదిగా ఉన్నదాని వేగానికి రెండోది దిగుతుంది. ఏది పెట్టినా మెమ్‌టెస్ట్86 అనే ర్యామ్ పరీక్ష ప్రోగ్రాంతో ఒక పూర్తి రౌండ్ పరీక్షించాకే విండోస్ వేయండి.

## 6. పవర్ సప్లై: ఇక్కడ కక్కుర్తి వద్దు

స్టిక్కర్ మీద పెద్ద అక్షరాల్లో ఉన్న వాట్ల అంకెను పక్కన పెట్టి, 12 వోల్టుల వరస చూడండి. ప్రాసెసర్, గ్రాఫిక్స్ కార్డు ప్రధానంగా తాగేది అక్కడి నుంచే. 450 వాట్లు అని రాసి ఉండి 12 వోల్టుల లైనుకు 20 ఆంపియర్లే ఉంటే, 12ను 20తో గుణించండి, మీకు దక్కేది 240 వాట్లు. పేరుకే 450.

కార్డుకు కరెంటు వచ్చే దారులు ఇవి:

- మదర్‌బోర్డు స్లాట్ నుంచి 75 వాట్ల దాకా
- 6 పిన్ కేబుల్ నుంచి 75 వాట్లు
- 8 పిన్ కేబుల్ నుంచి 150 వాట్లు

ఉదాహరణకు ఆర్‌ఎక్స్ 6600 అనే కార్డు తీసుకుంటే దానికి 132 వాట్లు, మధ్యరకం ప్రాసెసర్ ఒత్తిడిలో ఒక 100, బోర్డు, డిస్కులు, ఫ్యాన్లకు 50 వేసుకోండి. 280 దాటింది. క్షణకాలం ఎగిసే లోడు కూడా ఉంటుంది కాబట్టి 12 వోల్టుల మీదే 400 పైన ఇవ్వగల మంచి 450 లేదా 500 వాట్ల యూనిట్ హాయిగా సరిపోతుంది.

8 పిన్ కేబుల్ లేదని సాటా పవర్ నుంచి మార్చే అడాప్టర్ పెట్టేవాళ్లు చాలామంది. సాటా కనెక్టర్ 12 వోల్టుల మీద ఇవ్వగలిగేది 54 వాట్లే. దాని మీద 150 వాట్ల బరువు వేస్తే ప్లాస్టిక్ కరుగుతుంది, నిప్పంటుకోవచ్చు కూడా. ఆ అడాప్టర్ కార్డు డబ్బాలోనే వచ్చినా సరే, వాడకండి.

ఇంకో రెండు మాటలు. ఊడదీసి పెట్టుకునే మాడ్యులర్ కేబుళ్లను ఒక పవర్ సప్లైవి ఇంకోదానికి పెట్టకండి. కనెక్టర్ పట్టినా లోపల వైర్ల వరస వేరే, ఒకే కంపెనీలోనూ మోడల్‌కీ మోడల్‌కీ మారుతుంది, డిస్కులు కాలిపోతాయి. పవర్ సప్లై డబ్బాను మాత్రం ఎప్పుడూ విప్పకండి, ప్లగ్ తీసినా లోపలి కెపాసిటర్లలో ప్రాణం తీసేంత కరెంటు నిలిచి ఉంటుంది.

## 7. ఇప్పుడు గ్రాఫిక్స్ కార్డు

పవర్ సప్లై, కేబినెట్ తేలాయి కాబట్టి జాబితా దానంతటదే చిన్నదైపోతుంది. కింద ఆర్‌టీఎక్స్, జీటీఎక్స్ అన్నవి ఎన్విడియా కార్డులు, ఆర్‌ఎక్స్ అన్నవి ఏఎండీవి.

అదనపు కేబుల్ లేకపోతే: ఆర్‌టీఎక్స్ 3050లో 6 జీబీ రకం (70 వాట్లు), జీటీఎక్స్ 1650లో కేబుల్ అక్కర్లేని మోడళ్లు, ఆర్‌ఎక్స్ 6400 (53 వాట్లు). మూడింటికీ లో ప్రొఫైల్ మోడళ్లు ఉన్నాయి. ఆఫీసు మెషీన్ పవర్ సప్లై మార్చలేనివాళ్లకు నేనైతే మొదటిదే చెప్తాను.

ఒక 8 పిన్ కేబుల్ ఉంటే: ఆర్‌ఎక్స్ 6600, ఆర్‌టీఎక్స్ 2060, ఆర్‌టీఎక్స్ 3060 లాంటివి. 1080పీ గేమింగ్‌కు ఇవి చాలు. వీలైతే 8 జీబీ లేదా అంతకంటే ఎక్కువ మెమరీ ఉన్నది చూడండి. 4 జీబీ కార్డుల్లో కొత్త గేముల టెక్స్చర్లు బాగా తగ్గించాల్సి వస్తుంది.

చవగ్గా దొరుకుతుంది కదా అని జీటీఎక్స్ 1060, 1070ల వైపు వెళ్లేవాళ్లు ఇది తెలుసుకోండి: ఆ 10 సిరీస్‌కు కొత్త గేముల కోసం వచ్చే గేమ్ రెడీ డ్రైవర్లను ఎన్విడియా 2025 అక్టోబరుతో ఆపేసింది, ఇక భద్రతా అప్‌డేట్లే. పాత గేములకు ఇప్పటికీ మంచి కార్డులే. కొత్తవి ఆడాలంటే మాత్రం 16 సిరీస్ లేదా ఆ పైన చూడండి. రే ట్రేసింగ్ (కాంతి కిరణాల లెక్కతో వెలుగునీడలు గీసే పద్ధతి) తప్పనిసరి చేసిన గేములు కూడా వస్తున్నాయి, వాటికి 16 సిరీస్ కూడా చాలదు.

కొనేముందు చూసుకోవాల్సిన చిక్కులు:

- ఆర్‌ఎక్స్ 6400, 6500 ఎక్స్‌టీ నాలుగు పీసీఐఈ లేన్లే (కార్డుకు, బోర్డుకు మధ్య డేటా దారులు) వాడతాయి. పాత బోర్డుల్లో 3.0 స్లాట్ ఉంటే ఆ దారి వెడల్పు సగానికి పడిపోయి ఫ్రేములు తగ్గుతాయి.
- ఇంటెల్ ఆర్క్ కార్డులకు రీసైజబుల్ బార్ (ప్రాసెసర్‌కు కార్డు మెమరీ మొత్తం ఒకేసారి అందేలా చేసే బోర్డు సదుపాయం) ఉండాలి. అది లేని పాత బోర్డులో పెడితే కార్డు సత్తాలో చాలా భాగం వృథా.
- యూఈఎఫ్‌ఐ (బయోస్‌కు కొత్త రూపం) లేని మరీ పాత బయోస్ బోర్డుల్లో కొత్త కార్డు పెడితే బొమ్మే రాకపోవచ్చు. ఆ బోర్డులో ఆ కార్డు నడిచినట్టు ఎవరైనా చెప్పారేమో వెతకండి, లేదా తిరిగి ఇచ్చే వీలున్న చోటే కొనండి.
- కార్డు పొడవుకు, ముందు మీరు కొలిచిన ఖాళీకి మధ్య కనీసం ఒకటి రెండు సెంటీమీటర్లు మిగలాలి.

సెకండ్ హ్యాండ్ కార్డు అయితే మీ కళ్ల ముందే 15, 20 నిమిషాలు బరువైన గేమ్ గానీ ఫర్‌మార్క్ అనే కార్డు పరీక్ష ప్రోగ్రాం గానీ నడిపించమనండి. రంగు చుక్కలు, గీతలు, ఒక్కసారిగా నల్ల స్క్రీన్ వస్తే వద్దని చెప్పేయండి. జీపీయూ-జెడ్ (కార్డు వివరాలు చూపే ప్రోగ్రాం) తెరిచి చిప్ పేరు, మెమరీ సరిపోలాయా చూడండి, ఎందుకంటే పాత చిప్‌కు కొత్త కార్డు పేరు ఎక్కించి అమ్మేవాళ్లున్నారు. పోర్టులు ఒక్కొక్కటీ కేబుల్ పెట్టి చూడాలి. మూడు ఫ్యాన్లలో ఒకటి గరగరమంటే బేరానికి అదొక పట్టు, మార్చుకోవడం కష్టం కాదు.

## 8. ప్రాసెసర్ మార్చాలా?

కొలిచినప్పుడు ప్రాసెసర్‌దే తప్పని తేలితేనే. పాత నాలుగు కోర్లు, నాలుగు థ్రెడ్ల ఐ5లలో సగటు ఫ్రేములు బాగానే కనిపిస్తాయి, మధ్యమధ్యలో కుదుపులే చంపుతాయి. మీ సాకెట్‌ను బట్టి చూడండి (కింద ఎల్‌జీఏవి ఇంటెల్‌వి, ఏఎం4 ఏఎండీది):

- ఎల్‌జీఏ 1155: ఐ7-3770 దాకా వెళ్లొచ్చు. కానీ ఈ తరంలో ఏవీఎక్స్2 (కొన్ని కొత్త గేములకు అవసరమైన ప్రాసెసర్ ఆదేశాలు) లేదు, అది అడిగే గేములు అసలు తెరుచుకోవు. దీని మీద ఖర్చు వద్దంటాను.
- ఎల్‌జీఏ 1150: ఐ7-4770 లేదా 4790, చవగ్గా దొరికితేనే. 4790కి బోర్డు, బయోస్ సపోర్టు ఉందో లేదో చూసుకోండి.
- ఎల్‌జీఏ 1151: పేరు ఒకటే, రకాలు రెండు. 6, 7 తరాలకు 100, 200 సిరీస్ బోర్డులు, 8, 9 తరాలకు 300 సిరీస్. 9వ తరం ప్రాసెసర్ కొని 100 సిరీస్ బోర్డులో పెడితే కూర్చుంటుంది గానీ పనిచేయదు.
- ఏఎం4: మీరు అదృష్టవంతులు. రైజెన్ 1000 సిరీస్ ఉన్న బోర్డులోనే చాలాసార్లు రైజెన్ 5 5600 పెట్టుకోవచ్చు. పాత ప్రాసెసర్ ఉండగానే బయోస్ అప్‌డేట్ చేయాలి, అది తీసేశాక గుర్తొస్తే మళ్లీ పాతదే బిగించాల్సి వస్తుంది.

పాత ఐ7 ధర, కొత్త తరం చవక ప్రాసెసర్, బోర్డు కలిపిన ధరలో సగానికి దగ్గరపడుతుంటే అక్కడే ఆగిపోండి. ఆ డబ్బు దాచుకుని, కార్డు, ఎస్‌ఎస్‌డీ, పవర్ సప్లైలను తర్వాత కొత్త బోర్డులోకి తీసుకెళ్లండి.

## 9. విండోస్ చిక్కు

విండోస్ 10కి మామూలు సపోర్టు 2025 అక్టోబరు 14తో ముగిసింది. విండోస్ 11ను అధికారికంగా ఒప్పుకునేది సుమారుగా ఇంటెల్ 8వ తరం, రైజెన్ 2000 నుంచి. పైగా టీపీఎం 2.0 (భద్రతా తాళాలు దాచే చిప్), సెక్యూర్ బూట్ (నమ్మదగిన సిస్టమ్‌నే లేవనిచ్చే తనిఖీ) అడుగుతుంది. ఆన్‌లైన్ పోటీ గేముల్లో కొన్నిటి యాంటీ చీట్ (మోసం చేసి ఆడేవాళ్లను పట్టే ప్రోగ్రాం) కూడా ఇవే అడుగుతోంది, కాబట్టి మీరు ఆడేది అలాంటి గేమ్ అయితే డబ్బు పెట్టకముందే దాని అవసరాల పేజీ చదవండి.

సెక్యూర్ బూట్ కోసం బయోస్‌లో సీఎస్‌ఎం (పాత పద్ధతిలో బూట్ అయ్యే సెట్టింగ్) ఆపాలి. దానికంటే ముందు డిస్కు జీపీటీ రకంలో (డిస్కు భాగాలను రాసుకునే కొత్త తీరు) ఉందో లేదో చూడండి. పాత తీరైన ఎంబీఆర్‌లో ఉంటే ముందు బ్యాకప్ తీసుకుని, విండోస్‌తోనే వచ్చే ఎంబీఆర్2జీపీటీతో మార్చండి. ఈ వరస తప్పితే విండోస్ లేవదు. టెన్షన్ పడకండి, సీఎస్‌ఎం మళ్లీ ఆన్ చేస్తే తిరిగొస్తుంది.

## 10. బిగించే వరస

అన్నీ ఒకేసారి మార్చకండి. ఒకటి మార్చి, ఆన్ చేసి, గేమ్ నడిపి చూశాకే రెండోది. ఏదైనా తేడా వస్తే కారణం వెంటనే దొరుకుతుంది.

1. ముఖ్యమైన ఫైళ్లు వేరే డిస్కులో దాచండి.
2. అవసరమైతే బయోస్ అప్‌డేట్ చేయండి, మధ్యలో కరెంటు పోకూడదు.
3. కార్డు కంపెనీ మారుతుంటే డీడీయూ అనే ప్రోగ్రాంతో పాత డ్రైవర్ పూర్తిగా తీసేయండి.
4. ప్లగ్ తీసి, కేబినెట్ ఇనుప భాగాన్ని ముట్టుకుని ఒంట్లోని స్టాటిక్ వదిలించండి.
5. కేబుళ్లు ఎక్కడివి అక్కడ ఫోటో తీసి, పవర్ సప్లై మార్చండి.
6. ర్యామ్, ఎస్‌ఎస్‌డీ బిగించండి. ర్యామ్ రెండు చివరలా క్లిక్‌మనే దాకా నొక్కాలి.
7. చివరగా గ్రాఫిక్స్ కార్డు. స్లాట్ చివరి గొళ్లెం పడిందా చూసి, స్క్రూ వేసి, అప్పుడు పవర్ కేబుల్ పెట్టండి.
8. మానిటర్ కేబుల్‌ను కొత్త కార్డుకే తగిలించండి, మదర్‌బోర్డు పోర్టుకు కాదు. "కొత్త కార్డు పెట్టినా ఏం మారలేదు" అనే ఫిర్యాదుల్లో చాలా వాటికి జవాబు ఇదే.

## 11. ఆన్ అవ్వకపోతే

ఫ్యాన్లు తిరుగుతున్నా స్క్రీన్ నల్లగా ఉంటే: కార్డు పవర్ కేబుల్, మానిటర్ కేబుల్ చూడండి. తర్వాత ఒకే ర్యామ్ కర్రతో ప్రయత్నించండి. ప్రాసెసర్‌లో సొంత గ్రాఫిక్స్ ఉంటే కార్డు తీసేసి బోర్డు పోర్టుతో చూడండి, బొమ్మ వస్తే సమస్య కార్డుదో, బయోస్‌తో దానికి కుదరకపోవడమో. ఇక మిగిలింది ప్లగ్ తీసి బ్యాటరీ కొన్ని నిమిషాలు బయట పెట్టి సీమాస్ రీసెట్ చేయడం, అంటే బయోస్ సెట్టింగులు మొదటికి తేవడం.

గేమ్ మొదలవగానే మెషీన్ మొత్తం ఆరిపోతే: ముందు అనుమానం పవర్ సప్లై మీదే. డెస్క్‌టాప్ మీద బాగుండి బరువు పడ్డప్పుడే పోతే అది దాదాపు ఖాయం, తర్వాతి అనుమానం వేడి.

డిస్కు కనిపించకపోతే: ఎం.2 పెట్టినప్పుడు కొన్ని బోర్డుల్లో ఒకటి రెండు సాటా పోర్టులు ఆగిపోతాయి, వేరే పోర్టుకు మార్చండి. కొత్త ఖాళీ డిస్కు అయితే డిస్క్ మేనేజ్‌మెంట్‌లో దాన్ని ఇనిషియలైజ్ చేసేదాకా కనిపించదు.

## 12. గేమ్ సెట్టింగులు

మీడియంతో మొదలుపెట్టి, షాడోలు, రిఫ్లెక్షన్లు, వాల్యూమెట్రిక్ మేఘాలు ముందు తగ్గించండి. కంటికి పెద్దగా తేడా తెలియదు, ఫ్రేములు మాత్రం లేస్తాయి. టెక్స్చర్లు కార్డు మెమరీ ఉన్నంతవరకు పైనే ఉంచొచ్చు, అవి మెమరీని తింటాయి గానీ వేగాన్ని పెద్దగా తినవు. మెమరీ నిండితే మాత్రం కుదుపులు మొదలవుతాయి, అప్పుడు ఒక మెట్టు దించండి.

ఎన్విడియా ఆర్‌టీఎక్స్ కార్డుల్లో డీఎల్‌ఎస్‌ఎస్, మిగతావాటిలో ఎఫ్‌ఎస్‌ఆర్ క్వాలిటీ మోడ్‌లో పెట్టి చూడండి, ఇవి బొమ్మను తక్కువ రిజల్యూషన్‌లో గీసి పెద్దది చేస్తాయి. 1080పీలో పెర్ఫార్మెన్స్ మోడ్ దాకా దిగితే బొమ్మ మసకబారుతుంది.

ప్రాసెసర్ బలహీనంగా ఉంటే రిజల్యూషన్ తగ్గించి లాభం లేదు. జనం గుంపులు, ఎంత దూరం వరకు వస్తువులు కనిపించాలి, ఫిజిక్స్, ఇవి తగ్గించండి. ఫ్రేములు 45 నుంచి 80 మధ్య ఊగుతుంటే రివాట్యూనర్‌లో 50 దగ్గర కట్టేయండి, ఊగే 80 కంటే నిలకడగా ఉన్న 50 ఆడటానికి బాగుంటుంది, ఫ్యాన్ల మోత కూడా తగ్గుతుంది.